లెక్కలో రేవు, నేలమీద రేవు

"పోర్టు అంటే ఏమిటి?" అని బందరు పిల్లలను అడిగితే తడుముకోకుండా "రేవు" అంటారు. బందరు అన్న మాటకే రేవు అని అర్థం. అది పారశీక భాష నుంచి వచ్చిన మాట. ఆ ఊరి పేరు మచిలీపట్నమే అయినా చుట్టుపక్కల జనం ఇప్పటికీ బందరనే అంటారు. 1611లోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు అక్కడ వర్తకశాల పెట్టుకున్నారు. డచ్చివారూ, ఫ్రెంచివారూ కూడా ఆ రేవులో వర్తకం చేశారు.

అయితే ఆ పాత రేవులో ఒక చిత్రమున్నది. అక్కడ తీరం పొడుగునా సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేక దూరాన లంగరు వేసుకుని నిలబడేవి. సరుకును పడవలలోకి దించి ఒడ్డుకు చేర్చేవారు. అందుచేత "సరుకు మచిలీపట్నం చేరింది" అన్నంత మాత్రాన అది ఏ పడవలో వచ్చి ఏ గట్టున దిగిందో తెలియదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు లెక్క వ్రాసి ఉంచాలి.

చూశారా! రేవులు రెండు. ఒకటి లెక్కలో ఉండే రేవు, రెండవది నేలమీద ఉండే రేవు. ఈ రెంటినీ కలిపేది చిట్టా. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట కూడా పోర్టులున్నాయి. అక్కడ కూడా లెక్కలో రేవు వేరు, నేలమీద రేవు వేరు. మొదటిదానిని లాజికల్ పోర్టు అంటారు. రెండవది అసలు యంత్రం, అసలు తీగ ఉన్న చోటు. వీటిని కలిపే చిట్టాను ఎవరు వ్రాస్తారు? అది తప్పితే ఏమవుతుంది? ఈ సంగతులు ఒక్కొక్కటిగా తెలుసుకుందాం. ముందు మనకు బాగా పరిచయమైన టెలిఫోనుతో మొదలుపెడదాం.

టెలిఫోను నంబరు ఎక్కడ ఉన్నది?

తీగ టెలిఫోనుకు ఊరి నంబరొకటి, ఇంటి నంబరొకటి ఉంటాయి. బందరుకు 08672, గుడివాడకు 08674, దివిసీమలో అవనిగడ్డ వైపు 08671. మరి ఇంటి నంబరు ఎక్కడ ఉంటుంది? టెలిఫోను పెట్టెలోనా? కాదు. ఆ పెట్టెను తీసి పక్కింటి తీగకు తగిలిస్తే పక్కింటి నంబరే పలుకుతుంది. పోనీ, తీగలో ఉంటుందా? అదీ కాదు. రాగితీగకు నంబరేమిటి?

టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఒక నిలువెత్తు ఇనుప చట్రం ఉంటుంది. దానికి ఒక వైపున వరసగా ఎక్స్ఛేంజి నంబర్లుంటాయి. రెండవ వైపున ఊరి వీధులలోకి పోయే తీగల జతలుంటాయి. ఈ వైపు నంబరునూ, ఆ వైపు తీగల జతనూ కలుపుతూ మధ్య ఒక చిన్న తీగ ఉంటుంది. దానిని జంపరు అంటారు. ఒక కుటుంబంవారు అదే ఊళ్లో ఇల్లు మారారనుకోండి. వారి నంబరు మారనవసరం లేదు. పనివాడు జంపరును పాత వీధి తీగ నుంచి ఊడదీసి, కొత్త వీధి తీగకు తగిలిస్తాడు. ఆ సంగతి రిజిస్టరులో వ్రాస్తాడు. పని అంతే!

చుట్టాలకు తెలిసింది నంబరు ఒక్కటే. ఇల్లు మారినట్టు వారికి తెలియనక్కరలేదు. వారు పాత నంబరే తిప్పుతారు, గంట కొత్త ఇంట్లో మోగుతుంది. పేరును చోటు నుంచి విడదీయడంలో ఉన్న సుఖం ఇదే.

సెల్‌ఫోను విషయంలో ఈ సుఖం మరింత పెరిగింది. ఫోను మన జేబులో ఉండి బందరు నుంచి గుడివాడకు పోతూ ఉంటే, అది ఏ టవర్ల పరిసరాలలో ఉన్నదో కంపెనీవారి కంప్యూటరు ఎప్పటికప్పుడు వ్రాసుకుంటూనే ఉంటుంది. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీనే మార్చుకునే వీలు కూడా వచ్చింది. ఎవరైనా మనను పిలిచినప్పుడు, ఈ నంబరు ఇప్పుడు ఏ కంపెనీదో ముందు చిట్టాలో చూసి, తరువాతే పిలుపును పంపుతారు.

ఒకే దారం, ఎన్నో ఇళ్లు

రాగితీగల కాలంలో ఒక ఇంటికి ఒక జత తీగలు. లెక్క తేలిక. ఇప్పుడు రాగికి బదులు గాజుదారం వచ్చింది. అందులో కరెంటు పోదు, వెలుగు పోతుంది. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ అనే సంస్థ ఈ దారాన్ని కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని ప్రారంభించారు.

ఇలాంటి ఏర్పాటులో ప్రతి ఇంటికీ కేంద్రం నుంచి ఒక దారం వేయరు. ఒక దారం వీధిదాకా వస్తుంది. అక్కడ ఒక చిన్న పరికరం దానిలోని వెలుగును 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. ఇందులో కరెంటుతో నడిచే భాగమేదీ లేదు. పంట బోదెలో నీరు చీలినట్టే వెలుగు చీలిపోతుంది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. ఒకే వెలుగు అన్ని ఇళ్లకూ పోతే, మన ఇంటి కబురు పక్కింటికి కూడా పోతుంది గదా? నిజమే, పోతుంది! కాని ప్రతి కబురు మీదా ఒక నంబరుంటుంది. దానిని జెమ్ పోర్టు నంబరంటారు. ఒక దారం మీద ఇలాంటి నంబర్లు 4,096 వరకు ఉండవచ్చు. ప్రతి ఇంట్లోనూ ఉన్న పెట్టె తనకు ఇచ్చిన నంబరు గల కబుర్లనే తీసుకుని, మిగతావాటిని వదిలేస్తుంది. వేరొకరు చదవకుండా కబురును రహస్య లిపిలోకి మార్చి పంపే ఏర్పాటు కూడా ఉన్నది. ఒకే ఇంట్లో టెలివిజనుకు ఒక పోర్టు, టెలిఫోనుకు ఒకటి, ఇంటర్నెట్టుకు ఒకటి ఉండవచ్చు. దారం ఒక్కటే, రేవులు మూడు!

ఈ రేవులు ఇనుముతోనో, ఇత్తడితోనో చేసినవి కావు. చేత్తో పట్టుకోవడానికి లేదు. కేంద్రంలోని చిట్టాలో మాత్రమే ఉన్నాయి. ఫలానా క్రమసంఖ్య గల పెట్టె ఫలానా ఇంట్లో ఉన్నది, దానికి ఫలానా పోర్టులు అని అందులో వ్రాసి ఉంటుంది. పిడుగుపాటుకు పెట్టె కాలిపోయి కొత్తది తెచ్చి పెట్టారనుకోండి. దారం బాగున్నది, వెలుగు వస్తున్నది, పెట్టె కొత్తది. అయినా టెలివిజను పలకదు. ఎందుచేత? కొత్త పెట్టె క్రమసంఖ్య చిట్టాలో ఎక్కలేదు. అది ఎక్కితే గాని వెలుగు వచ్చీ ప్రయోజనం లేదు.

యంత్రంలో యంత్రం

ఇంతవరకు రేవు మాత్రమే లెక్కలో ఉన్నది. అవతలి కొసన ఉన్న పెట్టె మాత్రం చేత్తో పట్టుకునే వస్తువే. ఇక ఆ పెట్టె కూడా లెక్కలోని వస్తువే అయితే?

పెద్ద పెద్ద కంప్యూటర్లను వేలకొద్దీ ఒకచోట పెట్టి నడిపే భవనాలున్నాయి. వాటిని డేటా సెంటర్లంటారు. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారు హైదరాబాదు ప్రాంతంలో ఇలాంటి కేంద్రాలను ప్రారంభించారు. అటువంటి చోట ఒక్కొక్క పెద్ద కంప్యూటరు అనేక చిన్న కంప్యూటర్లుగా నటిస్తుంది. ఒక సత్రంలో పది గదులున్నట్టు, ఒక యంత్రంలో పది వర్చువల్ యంత్రాలుంటాయి. ఒక్కొక్కటీ తాను వేరే కంప్యూటరుననే అనుకుంటుంది. తనకొక తీగ ఉన్నదనీ, ఆ తీగ ఒక స్విచ్చిలోని రేవుకు తగిలించి ఉన్నదనీ కూడా అనుకుంటుంది. కాని ఆ తీగా, ఆ స్విచ్చీ, ఆ రేవూ అన్నీ లెక్కలోవే!

స్విచ్చి అంటే దీపం స్విచ్చి కాదు. అది గుడివాడ జంక్షను వంటిది. విజయవాడ నుంచి గుడివాడ వచ్చిన రైలుమార్గం అక్కడ చీలుతుంది. ఒక దారి బందరుకు, ఒక దారి భీమవరానికి పోతుంది. ఏ బండిని ఏ దారిన పంపాలో స్టేషనులో వారు చూసుకుంటారు. కంప్యూటర్ల స్విచ్చి కూడా కబురు మీద ఉన్న చిరునామా చూసి ఏ రేవు నుంచి బయటికి పంపాలో నిర్ణయిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. పదవ తరగతి ఫలితాలు చెప్పే వర్చువల్ యంత్రం ఒకటున్నదనుకుందాం. అది మొదటి పెద్ద యంత్రంలో బస చేసింది. ఫలితాలు వచ్చిన రోజున నాగాయలంక మొదలు నందిగామ దాకా పిల్లలందరూ ఒక్కసారి దానిని పలకరిస్తారు. మొదటి యంత్రానికి ఊపిరాడటం లేదు. అప్పుడు ఆ వర్చువల్ యంత్రాన్ని నడుస్తుండగానే తీసుకుపోయి, ఖాళీగా ఉన్న ఏడవ పెద్ద యంత్రంలో దించుతారు. సత్రం మారింది. కాని పిల్లలకు తెలిసిన చిరునామా మారకూడదు. దాని రేవు పేరూ మారకూడదు. అయితే, ఇక మీదట కబుర్లు ఏడవ యంత్రానికి పోవాలని అందరికీ ఎలా తెలుస్తుంది?

ఓపెన్ వర్చువల్ నెట్‌వర్క్ అనే ఏర్పాటున్నది. 2015లో దీని సంగతి లోకానికి తెలిపారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పొట్టిగా ఓవీఎన్ అంటారు. దీనిలో రెండు పెద్ద చిట్టాలుంటాయి. మొదటి చిట్టాలో యజమాని కోరిక ఉంటుంది. "నాకు ఇలాంటి స్విచ్చి ఒకటి, దానికి ఈ పేర్లు గల రేవులు కావాలి" అని మాత్రమే అందులో ఉంటుంది. ఏది ఏ యంత్రంలో ఉన్నదో ఉండదు. రెండవ చిట్టాలో ఉన్న సంగతి ఉంటుంది. "ఈ పేరు గల రేవు ఇప్పుడు ఈ పెద్ద యంత్రంలో ఉన్నది" అని అందులో వ్రాసి ఉంటుంది. ఈ జత కట్టడాన్ని పోర్టు బైండింగు అంటారు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో జంపరు తీగ చేసే పనినే ఇక్కడ చిట్టాలోని ఒక పంక్తి చేస్తున్నది.

మరి ఆ పంక్తిని ఎవరు వ్రాస్తారు? ఇది తెలుసుకోదగిన సంగతి. ఎక్కడో దూరాన కూర్చున్న అధికారి వ్రాయడు. ఏ పెద్ద యంత్రంలో వర్చువల్ యంత్రం దిగిందో, ఆ పెద్ద యంత్రంలోని కాపలాదారు ప్రోగ్రామే వ్రాస్తుంది. చుట్టం వచ్చి తలుపు తట్టినప్పుడు అతని దగ్గర ఒక చీటీ ఉంటుంది. చీటీ మీద రేవు పేరు ఉంటుంది. కాపలాదారు ఆ పేరు చూసి, "ఈ రేవు ఇప్పుడు నా దగ్గర ఉన్నది" అని చిట్టాలో నమోదు చేస్తుంది. మిగతా పెద్ద యంత్రాల కాపలాదారులు ఆ చిట్టాను కనిపెట్టుకునే ఉంటారు. పంక్తి మారగానే ఎవరి దారులు వారు సవరించుకుంటారు. కళ్లారా చూసినవాడే వ్రాయాలి అన్న పద్ధతి అన్నమాట.

ఏటి మీద కాలువ

చిట్టా చూసి ఏడవ యంత్రానికి పంపాలని తెలుసుకున్నాం. పంపడం ఎలాగ? మధ్యలో ఉన్న అసలు తీగలకూ, అసలు స్విచ్చిలకూ ఈ లెక్కలోని రేవుల పేర్లు తెలియవు. వాటికి పెద్ద యంత్రాల చిరునామాలు మాత్రమే తెలుసు.

మీరు ఎప్పుడైనా పులిగడ్డ అక్విడక్టు చూశారా? కింద కృష్ణ పాయ ఉన్నది. దానికి అడ్డంగా పైన వంతెన వంటి కట్టడం మీద పంటకాలువ దివిసీమకు పోతున్నది. ఏటి నీరు ఏటిదే, కాలువ నీరు కాలువదే. ఒకదానిని ఒకటి దాటుతున్నా రెండూ కలవవు. వర్చువల్ యంత్రాల కబుర్లు కూడా అసలు నెట్‌వర్కును ఇదే విధంగా, దానితో కలవకుండా దాటుతాయి.

అది ఎలా వీలవుతుందంటే, కబురును రెండు కవర్లలో పెడతారు. లోపలి కవరు మీద వర్చువల్ యంత్రం చిరునామా ఉంటుంది. పై కవరు మీద "మొదటి యంత్రం నుంచి ఏడవ యంత్రానికి" అని ఉంటుంది. దారిలోని స్విచ్చిలు పై కవరు మాత్రమే చూస్తాయి. ఏడవ యంత్రంలో పై కవరు విప్పి, లోపలిదానిని సరయిన రేవుకు అందిస్తారు. ఈ పద్ధతిని టన్నెలు అంటారు.

పై కవరు మీద మరొక నంబరు కూడా ఉంటుంది. లోపలి కబురు ఎవరి నెట్‌వర్కుకు చెందినదో అది చెబుతుంది. వెనుకటి పద్ధతిలో ఈ నంబర్లు 4,096 మాత్రమే. 2014లో వివరాలు వెలువడిన వీఎక్స్‌లాన్ పద్ధతిలో అవి 1,67,77,216. అంటే ఒకే భవనంలో అన్ని వేరు వేరు నెట్‌వర్కులు ఒకదానినొకటి అంటకుండా ఉండవచ్చునన్నమాట.

అయితే పై కవరుకు కూడా చోటు కావాలి. అక్విడక్టు వెడల్పు ఎంతో కాలువ నీరూ అంతే పోగలదు గదా! మామూలు తీగల మీద ఒక్కొక్క కబురు మూటలో 1,500 బైట్లు పడతాయి. అందులో వీఎక్స్‌లాన్ కవరుకే 50 బైట్లు పోతాయి. కనుక లోపలి మూటను 1,450కి తగ్గించాలి, లేదా కింది దారిని వెడల్పు చేయాలి. ఈ లెక్క మరిచిపోతే చిన్న కబుర్లు చక్కగా చేరి, పెద్ద కబుర్లు మాత్రం దారిలో మాయమవుతాయి. కారణం దొరక్క ఇంజనీర్లు జుట్టు పీక్కుంటారు.

చిట్టా తప్పితే

ఇలాంటి చోట్ల వచ్చే తప్పులు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది పాత చిట్టా. యంత్రం కొత్త చోటికి పోయింది, చిట్టాలో పాత చోటే ఉన్నది. కబుర్లు ఖాళీ గదికి పోయి తలుపు తట్టి పోతాయి. అందుకనే బస మార్చే ఆ కొద్ది క్షణాలలో కొన్ని ఏర్పాట్లలో పాత చోటికీ, కొత్త చోటికీ రెండింటికీ కబుర్లు పంపుతారు.

రెండవది జంట హక్కు. రెండు పెద్ద యంత్రాలు "ఆ రేవు నాది" అంటే "నాది" అంటాయి. చిట్టాలో పంక్తి అటూ ఇటూ మారుతూ ఉంటుంది. కబుర్లు కొన్ని ఇక్కడికి, కొన్ని అక్కడికి పోతాయి. పూర్తిగా చెడిన యంత్రాన్ని కనిపెట్టడం తేలిక. ఒకసారి పలికి ఒకసారి పలకని యంత్రం తప్పు పట్టుకోవడమే కష్టం.

మూడవది అన్నిటికంటే పెద్దది. చిట్టా సరిగానే ఉన్నది, దారి లేదు. దీనిని గురించి దివిసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న వచ్చిన తుఫానూ, ఉప్పెనా వేలాది ప్రాణాలను బలిగొన్నాయి. స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి, రోడ్లు పోయాయి. ఎంత నష్టం జరిగిందో బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. ఆ రోజున ప్రతి టెలిఫోను నంబరూ ఎక్స్ఛేంజి పుస్తకంలో సరిగానే ఉండి ఉంటుంది. కాని పుస్తకంలోని నంబరు గాలిలో మాట్లాడలేదు. లెక్కలోని రేవు ఎంత చక్కగా ఉన్నా, నేలమీది రేవు ఉండాలి. అందుకనే ముఖ్యమైన చోట్లకు రెండు వేరు వేరు దారులలో తీగలు వేస్తారు. ఒకే స్తంభం మీద రెండు తీగలు వేసి రెండు దారులున్నాయనుకుంటే, స్తంభం కూలినప్పుడు రెండూ పోతాయి. హైదరాబాదులో పైన చెప్పిన కేంద్రాలను కూడా ఒక్కచోట కాక మూడు వేరు వేరు విభాగాలుగా పెట్టింది ఇందుకే.

మరొక విశేషం వినండి. ఉప్పెన వస్తున్నదని హెచ్చరించేటప్పుడు ఫలానా నంబరు మనిషికి చెప్పడం కాదు ముఖ్యం. ఫలానా చోట ఉన్నవారందరికీ చెప్పాలి. కోడూరు తీరానికి ఆ పూట పనిమీద వచ్చిన పొరుగూరి మనిషికి కూడా చెప్పాలి. అందుకోసం సెల్ బ్రాడ్‌కాస్టు అనే పద్ధతి ఉన్నది. టవరు తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకే కబురు వినిపిస్తుంది. నంబర్ల జాబితాతో పని లేదు. 2023లో మన దేశంలో దీనిని పరీక్షించినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారి పెద్దగా మోగడం మీ ఇంట్లో పెద్దలకు జ్ఞాపకముండవచ్చు. ఎప్పుడు పేరు ముఖ్యమో, ఎప్పుడు చోటు ముఖ్యమో తెలుసుకుని పనిచేయడమే ఇంజనీరు నేర్పు.

మీరూ ఆడి చూడండి

ఈ ఆటకు పన్నెండు మంది పిల్లలూ, మూడు బల్లలూ, ఒక నోటు పుస్తకమూ చాలు. ఒక్కొక్క బల్ల ఒక్కొక్క పెద్ద యంత్రం. బల్లకొక కాపలాదారును పెట్టండి. ఎనిమిది మంది పిల్లలకు బందరు, గుడివాడ, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల అని పేర్లు పెట్టి మూడు బల్లల దగ్గరా కూర్చోబెట్టండి. పన్నెండవవాడు టపా బంట్రోతు. వాడికి బల్లల నంబర్లు మాత్రమే తెలియాలి. పిల్లల పేర్లు తెలియకూడదు.

కాపలాదారులు తమ బల్ల దగ్గర ఎవరెవరున్నారో నోటు పుస్తకంలో వ్రాయాలి. "గుడివాడ" అనే అమ్మాయి "కోడూరు" అనే అబ్బాయికి చీటీ వ్రాసి తన కాపలాదారుకు ఇస్తుంది. అతను పుస్తకం చూసి, చీటీని మరొక కాగితంలో మడిచి, పైన బల్ల నంబరు వేసి బంట్రోతుకు ఇస్తాడు. అవతలి కాపలాదారు పై కాగితం విప్పి చీటీ అందిస్తాడు.

నాలుగు చీటీలు సరిగా చేరిన తరువాత "కోడూరు"ను మెల్లగా మరొక బల్లకు మార్చండి. పుస్తకంలో మాత్రం మార్చకండి. ఇప్పుడొక చీటీ పంపి ఏమవుతుందో చూడండి. తరువాత కొత్త బల్ల కాపలాదారు చేత పుస్తకంలో వ్రాయించి మళ్లీ పంపండి. చివరకు "కోడూరు" నా దగ్గరే ఉన్నాడని ఇద్దరు కాపలాదారుల చేత వ్రాయించి, ఆ తమాషా కూడా చూడండి.

చీటీ తప్పిపోయినప్పుడు అందరూ టపా బంట్రోతు మీద పడతారు. పాపం, వాడు పై కాగితం మీద ఉన్న చోటికే తీసుకుపోయాడు. వాణ్ణి ఏమీ అనకండి. ముందు పుస్తకం తెరిచి, ఆఖరి పంక్తి ఎవరు వ్రాశారో, ఎప్పుడు వ్రాశారో చూడండి.